ఎప్పుడు పోయింది ఫీజు?

మన పల్లెటూళ్లలో ఫీజు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. బడిలో పిల్లలకు కట్టేది ఒక ఫీజు. మీటరు దగ్గర ఎగిరిపోయేది ఇంకొక ఫీజు. బిల్లు కట్టనివారి ఇంటికి లైన్‌మన్ వచ్చి ఫీజు పీకేసి వెళ్తాడు గనుక రెంటికీ కొంత చుట్టరికం కూడా ఉంది. ఈ వారం మనం మాట్లాడుకునేది రెండవదాని గురించి. ఆ మధ్య రెండు నెలలపాటు మా ఇంటి మైక్రోవేవ్ పొయ్యిలో ఫీజు పోతూనే వచ్చింది. అది ఊరంతటికీ తెలిసింది. ఎదురైన ప్రతివారూ ఇంట్లో మనిషి బాగోగులు అడిగినట్టు దాని బాగోగులు అడుగుతున్నారు. ఆ సంగతి చివరికి ఎలా తేలిందో, అందులో మనకు పనికివచ్చేది ఏముందో వ్రాస్తున్నాము.

ఆ పొయ్యి మా ఇంటికి ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. మా అమ్మకు 84 ఏళ్లు. పక్షవాతం వచ్చిన తరువాత ఆమె ఒక్కసారిగా కడుపునిండా తినలేకపోతున్నది. రెండు గంటలకొకసారి నాలుగు చెంచాల జావ, కాసిని పాలు, మెత్తగా పిసికిన పప్పన్నం. ఏది పెట్టినా గోరువెచ్చగా ఉండాలి. చల్లారితే బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది గాని మింగదు. రాత్రి ఒంటిగంటకూ మూడింటికీ లేచి గ్యాసు వెలిగించి, గిన్నె పెట్టి, అడుగంటకుండా కలుపుతూ నిలబడడం మా ఇద్దరికీ ఈ వయసులో కష్టమైంది. ఇది విని హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కొడుకు తన మైక్రోవేవ్‌ను మాకు పంపించాడు. చిన్నదే, 20 లీటర్లది. అరనిమిషంలో జావ వెచ్చబడుతుంది. అమ్మకు తోడుగా మన పేటలోని ఒక అమ్మాయి రాత్రిళ్లు మా ఇంట్లో పడుకుంటుంది గనుక, ఆ అమ్మాయే లేచి వెచ్చచేసి తినిపిస్తుంది. కొన్ని నెలలు మేము నిద్రపోయామంటే దాని చలవే.

అలాంటి పొయ్యి ఒక రాత్రి ఉన్నట్టుండి చచ్చిపోయింది. దీపం లేదు, అంకెలు లేవు, చప్పుడు లేదు. పట్నంలో ఒక షాపుకు పట్టుకెళ్తే లోపల ఫీజు పోయిందని చెప్పి, కొత్తది వేసి, నాలుగు వందలు తీసుకున్నారు. పన్నెండు రోజులు పనిచేసి మళ్లీ పోయింది. మళ్లీ అదే షాపు, అదే ఫీజు, అవే నాలుగు వందలు. మూడవసారి పది రోజులకే పోయింది. ఈసారి షాపాయన పొయ్యివంక కూడా చూడకుండా, "మీ పల్లెటూరి కరెంటు అంతేనండి, మేమేం చేస్తాం" అన్నాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మనకు తెలుసు కదా, ఒకరి ఇంట్లో జ్వరమైనా మిషనైనా పది వైద్యాలు ఊరికే వస్తాయి. వాటిలో మూడింటిని ఇక్కడ చెప్పాలి.

మొదటిది షాపాయన మాట: కరెంటు మంచిది కాదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఇంటికి రావలసింది 230 వోల్టులు. చేలకు మోటార్లు వేసే కాలంలో అది దిగిపోవడం మనకు కొత్త కాదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్లలో 400 వరకు కూడా ఎగబాకుతుంది; అప్పుడు వీధి వీధంతా టీవీలు కాలిపోతాయి. అయితే మా ఇంట్లో అదే కరెంటు మీద ఫ్రిజ్జు నడుస్తున్నది, ఫ్యాను తిరుగుతున్నది, టీవీ మోగుతున్నది. వీధిలో ఎవరింట్లోనూ ఏమీ పోలేదు. ఊరందరికీ వచ్చే వాన మా ఒక్క ఇంటిమీదే మూడుసార్లు పడుతుందా?

రెండవది లోడు మాట. పక్కింటి తమ్ముడు మంచివాడు, పిలిస్తే అర్ధరాత్రయినా పరుగున వస్తాడు. ఆయన అన్నాడు, "అయ్యగారండి, ఆ ఫీజు చాలట్లేదండి. ఓ పోగు రాగితీగ చుట్టేస్తే జన్మకి పోదండి." ఇది మనలో చాలామంది చేసే పని గనుక కొంచెం లెక్క చూద్దాం. మా పొయ్యి వెనుక చీటీమీద అది లాగే కరెంటు 1200 వాట్లని వ్రాసి ఉంది. దాన్ని 230తో భాగిస్తే 5 ఆంపియర్ల పైచిలుకు వస్తుంది. లోపల వేసిన ఫీజు 10 ఆంపియర్లది. అంటే రెట్టింపుకు దగ్గరగా మోయగలదు. అలాంటప్పుడు చాలకపోవడమన్న ప్రశ్నే లేదు. అది పోయిందంటే లోపల ఎక్కడో షార్టు అవుతున్నదని అర్థం.

మరి రాగితీగ సంగతి? ఒక మిల్లీమీటరు మందం ఉన్న రాగితీగ కరగాలంటే సుమారు 80 ఆంపియర్లు కావాలి. మన ఇళ్ల గోడల్లో ఉన్న వైర్లు మోయగలిగినదానికి అది ఎన్నో రెట్లు. ఫీజు అంటే కరగడానికే పెట్టిన తీగ. అది కరగనని మొండికేస్తే దాని బదులు ఇంకేదో కరగాలి: లోపలి స్విచ్చో, ప్లగ్గో, గోడలోని వైరో. ప్రక్క మంచంమీద కదలలేని మనిషి పడుకుని ఉన్న ఇంట్లో ఆ పని చేయలేము. పక్కింటి తమ్ముడికి ఈ లెక్క చెప్పి, వద్దన్నాము. ఆయన కోపగించుకోలేదు గాని, నమ్మనూ లేదు.

మూడవ మాట అన్నిటికంటె బాధ పెట్టింది. ఇంటికి వచ్చిపోయే బంధువుల్లో ఒక పెద్దమ్మ, "ఆ పిల్ల స్టీలు గిన్నె పెట్టుంటుంది, చెప్పడానికి భయపడి దాచేస్తుంది" అన్నది. ఆ మాట వంటింటినుండి వీధిలోకి, వీధినుండి పేటలోకి వెళ్లింది. మూడుసార్లూ పోయింది రాత్రిపూటే, దాని దగ్గర ఉన్నది ఆ అమ్మాయే గనుక నమ్మినవారు నమ్మారు. మేము ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. అయినా నిందకు మన నోరే అక్కరలేదు కదా. రెండు రోజులు రాలేదు. వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "రిపేరు డబ్బులు నెలజీతంలో పట్టుకోండి అయ్యగారూ, పిల్లని మాత్రం దొంగని చూసినట్టు చూడొద్దండి" అన్నది. పన్నెండు వందల రూపాయలు ఆ ఇంటికి ఎంతో మీకు తెలుసు. ఆ రోజుతో పొయ్యి బాగుపడడం జావ కోసమే కాదు, ఆ పిల్ల పేరు కోసం కూడా అవసరమైంది.

అప్పుడు మనకు తెలిసినవారొకరు, పొరుగూరిలో పూర్వం రేడియోలు, ఆ తరువాత టీవీలు బాగుచేసిన ఒక పెద్దాయన పేరు చెప్పారు. చేతిసంచీతో సైకిలు మీద వచ్చాడు. వచ్చి కూర్చుని, పొయ్యిని ముట్టుకోలేదు. స్క్రూడ్రైవరు తీయలేదు. మంచినీళ్లు తాగి ఒకే మాట అడిగాడు: "ఎప్పుడు పోయిందండి ఫీజు?"

పోయిన మంగళవారమని మేము చెప్పబోతే చెయ్యి అడ్డం ఊపాడు. "తేదీ కాదండి. ప్లగ్గు పెట్టగానే పోయిందా? తలుపు తీస్తుంటేనో వేస్తుంటేనో పోయిందా? బటను నొక్కి, వేడి మొదలవగానే పోయిందా? ఎవరు చూశారు?"

చూసింది ఆ అమ్మాయే. కబురు పెడితే వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తలవంచుకునే చెప్పింది. "మూడుసార్లూ తలుపు తీసినప్పుడేనండి. వేడి చేయడం అయిపోయి కూత వేసిందండి. తలుపు లాగితే లోపల టప్పుమని చిన్న చప్పుడు వచ్చి దీపం ఆరిపోయిందండి. జావ మటుకు వెచ్చగానే ఉందండి."

పెద్దాయన నవ్వి, "ఈ పాప నాకు సగం రోజు పని తప్పించింది" అన్నాడు.

ఎందుకు అలా అన్నాడో తరువాత మాకు విడమరచి చెప్పాడు. ప్లగ్గు పెట్టగానే ఫీజు పోతే తప్పు కరెంటు లోపలికి వచ్చే దారిలోనే, అంటే వైరులోనో మొదటి బోర్డులోనో ఉంటుంది. బటను నొక్కి వేడి మొదలవగానే పోతే లోపలి పెద్ద వోల్టేజి భాగాలను అనుమానించాలి. అక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మరు మన 230 వోల్టులను 2000 దాకా పెంచుతుంది. ఒక కెపాసిటరు, ఒక డయోడు కలిసి దాన్ని ఇంచుమించు 4000 చేసి, మాగ్నెట్రాన్ అనే గొట్టానికి అందిస్తాయి. తరంగాలు పుట్టేది ఆ గొట్టంలో. వీటిలో ఏది షార్టయినా ఫీజు పోతుంది. ఇక తలుపు కదిలినప్పుడే పోతున్నదంటే అనుమానం తలుపు వెనుకనున్న చిన్న స్విచ్చిలమీదికి పోతుంది. చూడండి, పోయింది ఒకటే ఫీజు. పోయిన వేళనుబట్టి జబ్బు మారిపోయింది.

స్టీలు గిన్నె మాట కూడా అక్కడే తేలిపోయింది. లోహపు గిన్నె పెడితే వేడి అవుతుండగా లోపల మెరుపులు వస్తాయి, గోడలకు మాడిన మచ్చలు పడతాయి. మా పొయ్యి లోపల ఒక్క మచ్చ లేదు. గిన్నె చేసే తప్పయితే పొయ్యి నడుస్తుండగా జరగాలి, పని ముగిసి తలుపు తీసేదాకా ఆగదు. పెద్దాయన ఈ మాట కొంచెం గట్టిగానే అన్నాడు. వరండాలో కూర్చున్న పెద్దమ్మకు వినపడింది.

పైమూత విప్పేముందు ప్లగ్గు పీకాడు. పీకినా చేతులు పెట్టలేదు. ఆ కెపాసిటరు కరెంటు తీసేశాక కూడా ప్రాణం తీసేంత కరెంటును దాచుకుని ఉండగలదట. పిడికి రబ్బరు తొడుగున్న పనిముట్టుతో దాన్ని ముందు ఖాళీ చేసి, అప్పుడు పని మొదలుపెట్టాడు. ప్రియులారా, ఇది ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుని చేసే పని కాదని మీ పిల్లలకు చెప్పండి. వీడియోలో చూసి విప్పేవారున్నారు. మిక్సీ వేరు, ఇది వేరు.

తలుపుకు ఉన్న కొక్కేలు లోపలికి దూరినప్పుడు మూడు స్విచ్చిలను నొక్కుతాయి. రెండు స్విచ్చిలు తాళాల్లాంటివి. తలుపు సరిగా పడితేనే అవి కరెంటును ముందుకు పోనిస్తాయి. తలుపు తీయగానే ఆపేస్తాయి. మూడవది కాపలా స్విచ్చి. దాని పని ఆశ్చర్యంగా ఉంటుంది. తలుపు తీసినా మొదటి తాళం తెరుచుకోకుండా అతుక్కుపోయిందనుకోండి. అప్పుడు ఈ కాపలా స్విచ్చి కావాలనే షార్టు చేసి ఫీజును కాల్చేస్తుంది. పొయ్యి మొత్తం చచ్చిపోతుంది. తలుపు తెరిచి ఉండగా మాగ్నెట్రాన్ నడిస్తే ఆ తరంగాలు జావను వెచ్చచేసినట్టే ఎదుట నిలబడిన మనిషి ఒంటిని వెచ్చచేస్తాయి. అన్నిటికంటె కంటి లోపలి కటకానికి ప్రమాదం. దానికి వేడిని మోసుకుపోయే రక్తప్రసరణ లేదు. అందుకే రెండు తాళాలు చాలవని వాటిమీద ఇంకొక కాపలా పెట్టారు.

మా పొయ్యిలో మొదటి తాళం స్విచ్చి లోపలి ముక్క మాడి, ఎప్పుడో ఒకసారి అతుక్కుపోతున్నది. ఏళ్లతరబడి వాడిన స్విచ్చి అలా అరుగుతుంది. అతుక్కున్న ప్రతిసారీ కాపలా స్విచ్చి తన పని తాను చేసింది. మేము రెండు నెలలు పాడైందని బాధపడిన వస్తువు, ఆ మూడు రాత్రులూ తలుపు దగ్గర నిలబడిన ఆ అమ్మాయికి చేటు రాకుండా ఆగిపోయింది. రాగితీగ చుట్టి ఉంటే ఫీజు కరిగేది కాదు. దాని బదులు కాపలా స్విచ్చే మాడి ఉండేది. ఆ తరువాత తలుపు తీసినా తరంగాలు ఆగని రోజు రావడానికి దారి తెరిచినట్టే. ఈ మాట విన్నప్పుడు పక్కింటి తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. ఏమీ అనకుండా తల ఊపాడు.

పెద్దాయన పాడైన స్విచ్చి ఒక్కటే మార్చలేదు. షార్టయిన ప్రతిసారీ ఆ దెబ్బ కాపలా స్విచ్చి కూడా తింటుంది గనుక మూడింటినీ కలిపి మార్చాడు. వదులైన కొక్కేన్ని సరిచేసి బిగించాడు. స్విచ్చిల ఖరీదు మూడూ కలిపి రెండు వందల లోపే. కొత్త ఫీజు వేసేముందు తన సంచీలోనుండి పాతకాలపు చెక్కబోర్డు తీశాడు. దానిమీద ఒక పెద్ద బల్బు, ఒక ప్లగ్గు. ఇది సిరీస్ బల్బు. కరెంటు ఆ బల్బు గుండానే పొయ్యిలోకి పోతుంది. లోపల షార్టు ఉంటే బల్బు నిండు వెలుగు వెలుగుతుంది, ఫీజు మాత్రం పోదు. ఒక్కొక్క ఫీజు కాల్చి చూడవలసిన పని లేదు. తలుపు తెరిచి, మూసి, మెల్లగా లాగి, గట్టిగా లాగి ఇరవైసార్లు చూశాడు. ఒక్కసారి కూడా బల్బు ఎగసి వెలగలేదు. అప్పుడు ఫీజు వేశాడు.

ఇది జరిగి ఆరు వారాలయింది. మళ్లీ ఫీజు పోలేదు. ఆ అమ్మాయి జీతంలో ఒక్క రూపాయి పట్టలేదని వేరే చెప్పనక్కరలేదు. పెద్దమ్మ నోటితో ఏమీ అనలేదు గాని, తరువాతి ఆదివారం గారెలు వండి ఒక డబ్బా మాకు, ఒక డబ్బా వాళ్లింటికి పంపించింది. కొందరికి మాటకంటె గారెలే తేలిక. ఆ అమ్మాయి మాత్రం ఆ రోజు పెద్దాయన వెళ్లేముందు, ఆ బల్బు బోర్డు ఎలా కట్టాలని అడిగింది. ఆయన చీటీమీద బొమ్మ వేసి ఇచ్చాడు. కట్టేటప్పుడు తన ఎదుటే కట్టాలని షరతు పెట్టాడు.

ఈ పొయ్యిని కనిపెట్టినవాని కథ కూడా ఇక్కడ చెప్పుకోదగింది. పెర్సీ స్పెన్సర్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1894లో పుట్టాడు. చిన్ననాడే తండ్రి పోయాడు. బడి చదువు పూర్తి కాలేదు. కాగితపు మిల్లుకు కరెంటు పెడుతున్నారని విని అక్కడ పనిలో చేరి, పనిలోనే విద్య నేర్చుకున్నాడు. 1945లో రేథియాన్ కంపెనీలో రాడార్ల కోసం చేసే మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉండగా జేబులో చాక్లెట్టు కరిగిందట. చొక్కా పాడైందని విసుక్కుని ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. ఎప్పుడు కరిగింది, దేని దగ్గర నిలబడితే కరిగింది అని ఆయన అడిగాడు. తరువాత మొక్కజొన్న గింజలు పెట్టి చూశాడు, అవి పేలాయి. 1947లో కంపెనీ అమ్మిన మొదటి పొయ్యి మనిషంత ఎత్తు, వందల కిలోల బరువు. ఇవాళ అది మన వంటింటి బల్లమీద కూర్చున్నది.

ప్రియులారా, మన ఇళ్లలో పోయే ఫీజులు కరెంటువే కావు. ఎప్పుడూ నిదానంగా ఉండే మనిషి ఒక్కసారిగా విరుచుకుపడతాడు. చక్కగా చదివే పిల్లవాడు బడికి పోనంటాడు. మాట్లాడుతున్న కోడలు మౌనమైపోతుంది. వెంటనే మనం పైపై ఫీజు మార్చేస్తాము: ఒక మందలింపు, ఒక కొత్త చొక్కా, ఒక సర్దుబాటు. పది రోజులకు మళ్లీ అదే. ఇంకొందరు రాగితీగ చుడతారు. ఇక ఎప్పుడూ నోరెత్తకూడదని గద్దిస్తారు. నోరు ఎత్తకపోవచ్చు, కాలేది మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది. దానికంటె ముందు అడగవలసింది ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నే. ఎప్పుడు? ఏమి జరుగుతుండగా? దగ్గర ఎవరున్నారు? దగ్గర ఉన్నవారిమీద నింద వేయడం సులువు. అయితే చూసినవారు కూడా వారే. నింద వేశామంటే సాక్షి నోరు మూసుకుపోతుంది.

ఇక పొయ్యి ఉన్నవారికి నాలుగు మాటలు. పెద్ద మూడు పిన్నుల ప్లగ్గులోనే పెట్టండి, ఎర్తు ఉందో లేదో చూపించుకోండి. మధ్యలో ఆపవలసి వస్తే ముందు ఆపే బటను నొక్కి, ఆ తరువాత తలుపు తీయండి. స్విచ్చిలు ఎక్కువ కాలం వస్తాయి. ఖాళీగా నడపకండి. ముసలివారికీ పసిపిల్లలకూ పెట్టేముందు బాగా కలిపి మీరు రుచి చూడండి. ఈ పొయ్యిలో ఒకచోట చల్లగా, ఒకచోట పొగలు కక్కుతూ ఉంటుంది. ఫీజు పోతే తేదీతోపాటు ఏమి చేస్తుండగా పోయిందో ఒక చీటీమీద వ్రాసిపెట్టండి.

చివరిగా ఒక సంగతి. మన పేటలో మీటరు కింది కటౌట్లలో రాగితీగలు చుట్టిన ఇళ్లు చాలానే ఉన్నాయని పక్కింటి తమ్ముడే లెక్క చెప్పాడు. పెద్దాయన వచ్చే ఆదివారం మధ్యాహ్నం మన దగ్గరకు వస్తానన్నాడు. ఇంటింటికీ తిరిగి సరైన ఫీజు తీగ వేసి ఇస్తాడు, తీగ ఖరీదు తప్ప ఏమీ తీసుకోడు. ఆయన వెంట సంచీ పట్టుకుని ఆ అమ్మాయి వస్తుంది. మీ ఇంట్లో ఉంటే సిగ్గుపడకుండా శనివారం లోపల మాకు ఫోను చేసి చెప్పండి.